మూర ఎవరిది? పల్నాటి ఇంటి లెక్కల కథ

మాచర్లకూ గురజాలకూ అక్షరాల్లోనే పడదు. ఇల్లు కట్టేవాళ్ల కోసం పాత పంచాంగాల్లో అచ్చేసే వర్గుల పట్టిక తీసి చూస్తే సంగతి తెలుస్తుంది. మాచర్లలోని మకారం ప వర్గులోది. ఆ వర్గుకు జంతువు ఎలుక, దిక్కు వాయవ్యం. గురజాలలోని గకారం క వర్గులోది. దానికి జంతువు పిల్లి, దిక్కు ఆగ్నేయం. దిక్కుల చక్రంలో ఈ రెండూ ఎదురెదురుగా కూర్చుంటాయి. సిద్ధాంతి భాషలో అవి శత్రు వర్గులు.

12వ శతాబ్దం చివర నలగామరాజు గురజాలలో, మలిదేవుడు మాచర్లలో ఉండి పల్నాటిని పంచుకున్నారు. మంత్రులుగా గురజాల వైపు నాయకురాలు నాగమ్మ, మాచర్ల వైపు బ్రహ్మనాయుడు. కోడిపందెంలో ఓడిన మాచర్ల వాళ్లు ఏడేళ్లు వలస పోవడం, తిరిగొచ్చాక రాజ్యభాగం ఇవ్వననడం, రాయబారానికి వెళ్లిన అలరాజు విషానికి బలికావడం, చివరికి నాగులేటి ఒడ్డున కారెంపూడిలో కత్తులు దూయడం పల్నాట పిల్లలకు కూడా తెలిసిన కథే. ఆ యుద్ధానికి కారణం దాయాదుల పంపకాలు, మంత్రుల పంతాలు. అక్షరాలు కావు. కానీ మనిషినీ చోటునూ జత కలిపి చూసే లెక్క మన దగ్గర ఎలా నడిచిందో చెప్పడానికి ఇంతకన్నా మంచి పల్నాటి ఉదాహరణ దొరకదు.

ఆ లెక్క పేరు అర్వణం. ఊరితో కలిపి చూస్తే గ్రామార్వణం, ఇంటితో కలిపి చూస్తే గృహార్వణం. అచ్చులకు గరుడుడు, తూర్పు. క వర్గుకు పిల్లి, ఆగ్నేయం. చ వర్గుకు సింహం, దక్షిణం. ట వర్గుకు కుక్క, నైరుతి. త వర్గుకు పాము, పడమర. ప వర్గుకు ఎలుక, వాయవ్యం. య ర ల వ లకు ఏనుగు, ఉత్తరం. శ ష స హ లకు ఈశాన్యం. జంతువు మేషమని కొందరు, కుందేలని కొందరు అంటారు. ఎవరి వర్గు నుంచి లెక్కపెట్టినా అయిదోది శత్రువు. గరుడుడికి పాము, పిల్లికి ఎలుక, సింహానికి ఏనుగు. ఆ దిక్కున సింహద్వారం పెట్టుకోకూడదన్నది నియమం. అంటే పేరులో మొదటి అక్షరం అకారమైతే పడమటి వాకిలి పనికిరాదు, చకారమైతే ఉత్తరపు వాకిలి పనికిరాదు.

ఈ లెక్కకు జాతకం అక్కర్లేదు. పెళ్లికీ ప్రయాణానికీ జన్మరాశి చూడమనీ, ఊరికీ ఇంటికీ యుద్ధానికీ కొలువుకూ వ్యవహారానికీ మాత్రం పిలిచే పేరే చూడమనీ శాస్త్రం చెప్పింది. పుట్టిన వేళ రాసిపెట్టుకోని సంసారాలకు ఇది పెద్ద వెసులుబాటు. జాతకం లేని రైతుకూ పేరంటూ ఒకటుంటుంది. ఆ పేరులోని మొదటి అక్షరంతో ఆయన ఇంటి వాకిలి తేలుతుంది.

ఇందులోనే కాకిణి అని ఇంకో లెక్క ఉంది. మనిషి వర్గు సంఖ్యను రెట్టింపు చేసి ఊరి వర్గు సంఖ్య కలిపి ఎనిమిదితో భాగిస్తారు. అలాగే ఊరి సంఖ్యను రెట్టింపు చేసి మనిషిది కలిపి భాగిస్తారు. ఎవరి శేషం ఎక్కువైతే వాళ్లు రెండోవారికి బాకీ. నరసరావుపేటలో స్థిరపడాలనుకునే చెన్నయ్య అనే రైతును ఊహించుకుందాం. చకారం మూడో వర్గు, నకారం అయిదోది. చెన్నయ్య వైపు 6, 5 కలిసి 11, శేషం 3. ఊరి వైపు 10, 3 కలిసి 13, శేషం 5. ఊరే చెన్నయ్యకు బాకీ కాబట్టి పోయి బతకవచ్చు. అదే రామయ్య అయితే ఏడో వర్గు. ఆయన వైపు 19కి శేషం 3, ఊరి వైపు 17కి శేషం 1. రామయ్య సంపాదించినదంతా ఊరికే కట్టాలి. మాచర్లతో వేసి చూసినా చెన్నయ్యకు లాభం, రామయ్యకు నష్టం. వలస పోయేముందు ఇలాంటి లెక్క వేయించుకున్నవాళ్లు దాన్ని ఆటగా తీసుకోలేదు. తెలియని ఊళ్లో ఇల్లు కట్టడమంటే ఉన్నదంతా అక్కడ పెట్టడమే మరి.

ఇదే తరహా లెక్క చీనాలోనూ ఉంది. అక్కడ పేరు బదులు పుట్టిన సంవత్సరం, ఆడో మగో అన్నది చూస్తారు. ఫెంగ్‌షూయిలో ఎనిమిది ఇళ్ల పద్ధతి అనేది అదే. 20వ శతాబ్దంలో పుట్టిన మగవాడైతే సంవత్సరంలోని చివరి రెండంకెలను 100లోంచి తీసేసి తొమ్మిదితో భాగించాలి. ఆడవాళ్లకైతే ఆ రెండంకెల్లోంచి 4 తీసేసి తొమ్మిదితో భాగించాలి. వచ్చిన శేషం ‘క్వా’ సంఖ్య, ఏమీ మిగలకపోతే 9. 1, 3, 4, 9 వచ్చినవాళ్లు తూర్పు జట్టు. వాళ్లకు తూర్పు, ఆగ్నేయం, దక్షిణం, ఉత్తరం మంచివి. 2, 6, 7, 8 వచ్చినవాళ్లు పడమటి జట్టు. వాళ్లకు పడమర, వాయవ్యం, నైరుతి, ఈశాన్యం మంచివి. అయిదు వస్తే మగవాళ్లకు రెండుగా, ఆడవాళ్లకు ఎనిమిదిగా తీసుకుంటారు. పొయ్యి, పడక, వాకిలి అన్నీ దీన్నిబట్టే.

1970లో పుట్టిన భర్తకు ఈ లెక్కన 3 వస్తుంది, 1975లో పుట్టిన భార్యకు 8. ఆయనది తూర్పు జట్టు, ఆమెది పడమటి జట్టు. ఒకే గదిలో ఆయనకు మంచివైన నాలుగు దిక్కులూ ఆమెకు చెడ్డవే. ఇంకో మాట. తెలుగు నేల మీద ఎవరినడిగినా అన్నిటికన్నా పవిత్రమైన మూల ఈశాన్యమే అంటారు. ఫెంగ్‌షూయి లెక్కలో ఆ 1970 నాటి మనిషికి ఈశాన్యం కూడని మూలల్లో ఒకటి. రెండు శాస్త్రాలనూ కలిపి ఒకే ఇంటికి వాడుతున్నామని చెప్పేవాళ్లు ఈ చిక్కును ఎలా విప్పుతారో ఇంటివాళ్లు ముందే అడిగి తెలుసుకోవడం మంచిది.

చీనా పేరు పల్నాటికి కొత్తేమీ కాదు. నాగార్జునకొండలో చుళధమ్మగిరి మీద బోధిసిరి అనే ఉపాసిక చైత్యగృహం కట్టించి ప్రాకృతంలో శాసనం వేయించింది. అది ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 14వ పాలనా సంవత్సరం, అంటే 3వ శతాబ్దం. తామ్రపర్ణి, అంటే సింహళం నుంచి వచ్చిన భిక్షువుల కోసం కట్టిన చైత్యం అది. వాళ్లు ధర్మం చెప్పిన దేశాల వరసలో కాశ్మీరం, గాంధారాల పక్కనే చీనా పేరూ రాతికెక్కింది. ఫెంగ్‌షూయి మూలగ్రంథాన్ని రాశాడని చెప్పే గువో పు పుట్టింది కూడా ఆ శతాబ్దంలోనే, 276లో. ఆ గ్రంథం ఇళ్ల గురించి కాదు, సమాధులకు చోటు ఎంచుకోవడం గురించి. పోయిన పెద్దలకు సరైన చోటు దొరికితే బతికున్న వంశం బాగుంటుందన్నది అందులోని నమ్మకం. బతికున్నవాళ్ల ఇళ్లకు ఆ లెక్కలు తర్వాత వ్యాపించాయి.

మన వైపు పునాది గ్రంథం వరాహమిహిరుడి బృహత్సంహిత, 6వ శతాబ్దం నాటిది. ఆ తర్వాత మయమతం, మానసారం, భోజుడి సమరాంగణ సూత్రధారం, విశ్వకర్మ ప్రకాశం వచ్చాయి. వీటన్నిటినీ చదువుతుంటే ఒక సంగతి స్పష్టంగా కనబడుతుంది. ‘మంచి ఇల్లు ఏది’ అన్న ప్రశ్న పాతవాళ్లది కాదు. ‘ఈ ఇల్లు ఎవరికి మంచిది’ అన్నదే వాళ్ల ప్రశ్న. ఈ రెంటికీ చాలా తేడా ఉంది. ఇంటి లెక్కల చరిత్రంతా ఆ ‘ఎవరికి’ అన్న మాట చుట్టూనే తిరిగింది.

ఆ మాటకు మొదట వచ్చిన జవాబు కులం. బృహత్సంహిత ప్రకారం ఉత్తరానికి వాలిన నేల బ్రాహ్మణులకు, తూర్పుకు వాలినది క్షత్రియులకు, దక్షిణానికి వాలినది వైశ్యులకు, పడమరకు వాలినది శూద్రులకు. మట్టి రంగు కూడా అలాగే తెలుపు, ఎరుపు, పసుపు, నలుపుగా పంచిపెట్టారు. ఇంటి కొలతలు కూడా మెట్లు మెట్లుగా తగ్గుతూ పోతాయి. బ్రాహ్మణుడికి మాత్రం ఎక్కడైనా ఉండే వెసులుబాటు ఉంది. నేల వాలు, మట్టి రంగుల పంపకంలో పంచముల ఊసు లేదు. పల్లెల్లో వాళ్ల ఇళ్లు ఊరి బయటే మిగిలిపోయాయి.

పల్నాటి నేల ఈ పంపకానికి ఎదురు నిలిచిన చోటు కావడం విశేషం. బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టించాడని, అన్ని కులాలవాళ్లనూ ఒకే చాప మీద కూర్చోబెట్టాడని వీరచరిత్ర చెబుతుంది. మాల కులస్థుడైన కన్నమదాసును కొడుకుగా చూసుకుని సేనకు నాయకుణ్ణి చేశాడు. మాచర్లలో చంద్రవంక ఒడ్డున ఆయన కట్టించాడని చెప్పుకునే చెన్నకేశవస్వామి గుడి ఇప్పటికీ ఉంది. కారెంపూడి వీరుల గుడిలో ఏటా కార్తీక అమావాస్య నుంచి అయిదు రోజులు ఆ వీరులను తలుచుకుంటారు. ఆ ఉత్సవంలో చాపకూటికీ ఒక రోజు ఉంది. భోజనంలో కులాన్ని తుడిచేసిన ఆ సాహసం ఇళ్ల వరసలోకి మాత్రం రాలేదు. ఊళ్లు పాత పటం మీదే పెరిగాయి.

కులం తర్వాతి జవాబు ఆయం. ఇంటి పొడవును వెడల్పుతో గుణిస్తే వచ్చేది పదం. దాన్ని తొమ్మిదితో గుణించి ఎనిమిదితో భాగిస్తే మిగిలేది ఆయం. 1 మిగిలితే ధ్వజం, 2 ధూమం, 3 సింహం, 4 శ్వానం, 5 వృషభం, 6 ఖరం, 7 గజం, ఏమీ మిగలకపోతే కాకం. జెండా, సింహం, ఎద్దు, ఏనుగు మంచివి. పొగ, కుక్క, గాడిద, కాకి చెడ్డవి. ఇలాగే ధనం, ఋణం, వారం, తిథి, నక్షత్రం, అంశ, ఆయుర్దాయం అంటూ రకరకాల గుణకాలతో మరికొన్ని లెక్కలున్నాయి. గుణకాలు గ్రంథాన్నిబట్టి కొంత మారతాయి. ఇక్కడా పాత పంపకం పోలేదు. ధ్వజాయం బ్రాహ్మణులకు, సింహాయం క్షత్రియులకు, వృషభాయం వైశ్యులకు, గజాయం శూద్రులకు విశేషమని రాసిపెట్టారు.

ఈ లెక్కను కాస్త విప్పి చూస్తే మేస్త్రుల తెలివి అర్థమవుతుంది. తొమ్మిదితో గుణించి ఎనిమిదితో భాగించినా, అసలు గుణించకుండా భాగించినా శేషం మారదు. తొమ్మిదిలో ఎనిమిది పోగా మిగిలేది ఒకటే కదా. మంచి ఆయాలన్నీ బేసి సంఖ్యలు. రెండు బేసి సంఖ్యల గుణకారం ఎప్పుడూ బేసే. కాబట్టి పొడవూ వెడల్పూ రెండూ బేసిలో ఉంటే చాలు, మంచి ఆయం దానంతట అదే వస్తుంది. సంస్కృతం రాని మేస్త్రి ‘రెండు వైపులా బేసి పెట్టండి’ అంటే అందులో శాస్త్రమంతా ఇమిడినట్టే. 17 గజాలు, 11 గజాలు పెడితే పదం 187, శేషం 3, సింహం. ఒక గజం ఇటు జరిపి 16 చేస్తే 176, శేషం సున్నా, కాకి.

కొలిచే కర్ర మారితే ఏమవుతుంది? 11 గజాల పొడవు, 7 గజాల వెడల్పు ఉన్న ఇల్లు తీసుకుందాం. పదం 77, శేషం 5, వృషభం. అదే ఇంటిని అడుగుల్లో కొలిస్తే 33, 21. పదం 693, శేషం మళ్లీ 5. చదరపు గజానికి తొమ్మిది చదరపు అడుగులు కాబట్టి గజానికీ అడుక్కూ ఆయం ఎప్పుడూ కలుస్తుంది. మూరల్లో కొలిస్తే మాత్రం 22, 14. పదం 308, శేషం 4, శ్వానం. గోడ కదల్లేదు, గుంజ కదల్లేదు, ఎద్దు కుక్కయింది. గోడల లోకొలత తీసుకోవాలా, వెలికొలతా అన్నది ఇంకో పేచీ. అడుగున్నర మందం గోడలుంటే లోపల 11, 7 ఉన్న ఇల్లు బయటికి 12, 8 అవుతుంది. పదం 96, కాకి. ఊరూరా సిద్ధాంతులు తగాదా పడింది ఎక్కువగా ఈ రెండు సంగతుల మీదే.

పాత గ్రంథాలకు ఈ తగాదా తెలుసు. అందుకే వాటికొక పరిష్కారముంది. మూర ఎవరిది అన్న ప్రశ్న వేసి, ఆ ఇంట్లో ఉండేవాడిది అని జవాబు చెప్పుకున్నాయి. యజమాని మోచేతి నుంచి వేలి కొస వరకు కొలిచి, ఆ కర్రతోనే ఇల్లు కొలవమన్నాయి. విశ్వకర్మ ప్రకాశంలోనైతే పెద్దభార్య చేతి మూరకూ చోటుంది. కులంతోనూ పేరుతోనూ మనిషినీ ఇంటినీ కలపడం ఒక ఎత్తు, ఒంటి కొలతతో కలపడం ఒక ఎత్తు. పొట్టివాడి ఇల్లు పొట్టివాడి మూరతో, పొడుగువాడి ఇల్లు పొడుగువాడి మూరతో లేస్తుంది. వాకిలి ఎత్తు, అరుగు ఎత్తు అతని ఒంటికి సరిపోతాయి. మొత్తం వాస్తు సాహిత్యంలో మనసుకు హత్తుకునే నియమం ఇది. మిగతావాటిని నమ్మినా నమ్మకపోయినా, ఇల్లు అందులో మసలే మనిషి కొలతకు ఉండాలన్న దీన్ని కాదనేవాళ్లు ఉండరు.

పల్నాట ఈ లెక్కలన్నీ రాతి ముందు తలవంచాల్సి వచ్చేది. శ్రీనాథుడిదని చెప్పే ఒక చాటువులో ఈ సీమను తలుచుకోగానే మొదట కనబడేవి రాళ్లే, అందులో నాపరాళ్ల ప్రస్తావనా ఉంది. ఆయనకు నచ్చకపోయినా పల్నాటి ఇంటికి ఆ రాయే ప్రాణం. పొరలు పొరలుగా విడిపోయే సున్నపురాయి అది. గడ్డపారలతో పలకలుగా లేపి నేల పరుస్తారు, మిద్దె మీద కప్పుతారు, దొడ్డి చుట్టూ నిలువునా పాతి ప్రహరీ చేస్తారు. పిడుగురాళ్ల బట్టీల్లో కాల్చితే సున్నమవుతుంది. 1958లో మాచర్లలో కేసీపీ సిమెంటు ఫ్యాక్టరీ మొదలైందీ ఈ రాయి మీదే. పలక నిడివి, దూలం నిడివి ఎంతో గది వెడల్పు అంతే. సిద్ధాంతి 7 గజాలు రావాలన్నా దూలం ఆరింటికే ఆగిపోతే మేస్త్రి మధ్యలో స్తంభం నిలపాలి, లేదా గోడ మందంలో సర్దాలి. ఇల్లు ఎవరి పేరున ఉన్నా రాయి దారి రాయిది.

నేలదీ అంతే. గుంట తవ్వి, తవ్విన మట్టితోనే మళ్లీ పూడ్చి చూడమని బృహత్సంహిత చెబుతుంది. మట్టి మిగిలితే మేలు, సరిపోతే మధ్యమం, చాలకపోతే వద్దు. గట్టి నేలనూ పూడ్చిన నేలనూ వేరు చేయడానికి ఇది పనికొచ్చే పరీక్షే. నల్లరేగడి దగ్గర మాత్రం మోసపోతాం. గడ్డలు గడ్డలుగా లేచే రేగడి గుంటను నింపి ఇంకా మిగులుతుంది. కానీ వానకు ఉబ్బి, ఎండకు పగిలి, గోడలను బీటలు వారుస్తుంది. అందుకే రేగడి ఊళ్లలో పునాది కింద గట్టి పొర తగిలేదాకా తవ్వేవాళ్లు. ఆ జాగ్రత్తకు పట్టికల్లో చోటు లేదు, తవ్వినవాళ్ల చేతుల్లోనే అది బతికింది.

ఇల్లు కాదు, ఊరే తనకు అచ్చిరాలేదని కదిలిపోయిన జమీందారు కథ ఒకటుంది. ఇప్పటి పల్నాడు జిల్లాలోని అమరావతిని 18వ శతాబ్దం చివరి దశాబ్దంలో కొత్తగా కట్టించినవాడు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు. అంతకుముందు ఆయన నివాసం చింతపల్లి. చెంచులను చంపించిన పాపం పట్టుకుందనీ, విస్తట్లో అన్నం పురుగులై కనబడేదనీ, అమరేశ్వరుడి సన్నిధికి వచ్చాకే ఆ బాధ తీరిందనీ జనం చెప్పుకుంటారు. కథ ఎంతవరకు నిజమైనా, ఆయన అమరావతిలో కోట కట్టాడు, వీధులు వేయించాడు, గుళ్లు బాగుచేయించాడు. ఆ కట్టడాలకు రాయి కావాల్సి వచ్చి దీపాలదిన్నె అనే దిబ్బను తవ్వితే చెక్కిన పాలరాళ్లు బయటపడ్డాయి. ఆ కబురు విని 1790ల చివర్లో సర్వేయరు కాలిన్ మెకంజీ అక్కడికి వచ్చాడు. అక్కడి బౌద్ధ మహాస్తూపం ప్రపంచానికి తెలిసింది అలాగే. ఒక మనిషికి ఊరు కుదర్చబోతే ఆ ఊరి కింద పడుకున్న దాదాపు రెండు వేల ఏళ్ల నాటి నిర్మాణం చెదిరిపోయింది. ఆ శిల్పాలు చెన్నైకీ లండన్‌కూ చేరాయి. నరసరావుపేట కూడా ఆ రోజుల్లోనే, 1797లో, అట్లూరు నేల మీద మల్రాజు జమీందారులు తమ నరసారావు పేరుతో నిలిపిన ఊరు.

ఇష్టపడి కదిలినవాళ్లు జమీందారులైతే, తప్పక కదిలినవాళ్లు నాగార్జునకొండ లోయ రైతులు. 1955 డిసెంబరు 10న నెహ్రూ సాగర్ ఆనకట్టకు పునాదిరాయి వేశారు. అంతకు ఒక ఏడాది ముందే, 1954లో, ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో లోయంతా తవ్వడం మొదలైంది. 1960 దాకా సాగిన ఆ తవ్వకాల్లో ఇక్ష్వాకుల విజయపురి కోట, వీధులు, ఇళ్లు, స్నానఘట్టం, ప్రేక్షకాగారం వెలుగు చూశాయి. అప్పటికి లోయలో మనుషులున్న పుల్లారెడ్డిగూడెం కూడా ఆ విజయపురితో పాటే నీట మునిగింది. కట్టడాల్లో కొన్నిటిని కొండ మీదికీ అనుపుకీ తరలించి మళ్లీ కట్టారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. కుడికాలువ నీటితో పల్నాట పత్తి, మిరప పెరిగాయి. చేతిలో డబ్బు ఆడింది. మట్టి మిద్దెల చోట స్లాబు ఇళ్లు లేచాయి. గ్రామార్వణం వేయించుకునే తీరిక ఎవరికీ లేని కాలం అది.

స్లాబుతో పాటే కొత్త వాస్తు వచ్చింది. గౌరు తిరుపతిరెడ్డి వంటివాళ్లు తేలిక తెలుగులో, బొమ్మలతో పుస్తకాలు రాశారు. ఈశాన్యం పల్లంగా, ఖాళీగా ఉండాలి. నైరుతి ఎత్తుగా, బరువుగా ఉండాలి. వంట ఆగ్నేయంలో ఉండాలి. వీధిపోటు ఎక్కడ మంచిదో ఎక్కడ చెడ్డదో పటంలో చూసుకోవచ్చు. నాలుగు బొమ్మలు చూసి ఎవరైనా సొంతంగా తేల్చుకోగలగడం ఈ పుస్తకాల గొప్పతనం. అంతకన్నా గొప్ప మార్పు ఇంకొకటి ఉంది, దాన్ని గమనించినవాళ్లు తక్కువ. ఈ నియమాల్లో కులం లేదు. నేల వాలు అందరికీ ఒకటే, వంటమూల అందరికీ ఒకటే. వరాహమిహిరుడు నాలుగుగా పంచిన వాలు అందరికీ ఈశాన్యంగా తేలింది. చాపకూటి తర్వాత ఎనిమిది వందల ఏళ్లకు ఇంటి లెక్కలోంచి కులం జారిపోయింది. ఎవరూ ఉద్యమించకుండానే జారిపోయింది.

కులంతో పాటు మనిషి కూడా జారిపోయాడు. కొత్త వాస్తులో ఇల్లు ఎవరిదన్న ప్రశ్న దాదాపు లేదు. అందులో ముసలివాళ్లున్నారా, పసిపిల్లలున్నారా, మోకాళ్ల నొప్పులవాళ్లున్నారా అన్న ఊసు లేదు. 1990ల్లో ఫెంగ్‌షూయి మన బజార్లకు వచ్చినప్పుడు జనం దాన్ని నవ్వే బుద్ధుడుగా, గాలికి మోగే గంటలుగా, వెదురు మొక్కగా కొనుక్కున్నారు. పుట్టిన సంవత్సరంతో మనిషినీ ఇంటినీ కలిపే అసలు లెక్క మాత్రం అంగళ్ల దాకా రాలేదు. వచ్చుంటే వర్గుల పట్టిక ఎరిగిన పల్నాటి పెద్దలకు అది పాత చుట్టంలాగే కనబడేది.

సర్కారు ఇళ్లతో కథ ఇంకో మలుపు తిరిగింది. 1985లో మొదలైన ఇందిరా ఆవాస్ యోజనలో ఇల్లు ఇల్లాలి పేరునో, భార్యాభర్తలిద్దరి పేరునో ఇవ్వాలన్న నియమం పెట్టారు. 2020 డిసెంబరు 25న ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఇళ్లస్థలాల పంపిణీలో పట్టాలు ఆడవాళ్ల పేరునే ఇచ్చారు. పల్లెల్లో సెంటున్నర, పట్టణాల్లో సెంటు. సెంటంటే 435.6 చదరపు అడుగులు, గజాల్లో 48.4. ఆ స్థలంలో కట్టే ఇంటికి 340 చదరపు అడుగుల నమూనా ఖాయం చేశారు. 340ని ఎనిమిదితో భాగిస్తే శేషం 4, శ్వానం. ఆ లేఔట్లలో ఇళ్లన్నీ వరసగా ఒకే రోడ్డు వైపు చూస్తాయి, వాకిలి ఏ దిక్కుకు రావాలో లేఔటు వేసిన రోజే తేలిపోయి ఉంటుంది. దిక్కు ఎంచుకునే వీలు పట్టాదారుకు లేదు. మిగిలేది లోపలి అమరిక ఒక్కటే. పొయ్యి గట్టు ఏ గోడకు పెట్టాలి, అది ఎంత ఎత్తుండాలి, గూళ్లు ఎక్కడ రావాలి, నీళ్ల తొట్టి ఎంత లోతుండాలి అన్నవి. అవి తేల్చడానికి పనికొచ్చే కొలత పాత గ్రంథంలోనే ఉంది, పెద్దభార్య చేతి మూర. ఇప్పుడు పట్టా ఆమె పేరున ఉంది. గట్టు కట్టేముందు టేపు తీసే మేస్త్రి ఒకసారి ఆమెను అక్కడ నిలబెట్టి, మోచెయ్యి ఎంత ఎత్తుకు వస్తుందో చూసుకుంటే గట్టు ఆమె ఒంటికి సరిపోతుంది.